నామం ఒకచోట, రూపం మరొకచోట: రోమన్ ప్రపంచంలో ఆచూకీ దొరకని ఊళ్లు, దారులపై తరచుగా అడిగే ప్రశ్నలు

1. "ఆచూకీ దొరకని ప్రదేశం" అని దేన్ని అంటారు?

ఏదైనా పూర్తిగా నశిస్తే నామరూపాలు లేకుండా పోయిందని తెలుగులో అంటాం. రోమన్ భూగోళాన్ని చదివేవారు ఈ మాటను రెండుగా విడదీసుకోవడం మేలు. నామమూ రూపమూ రెండూ పోయిన ఊరి గురించి మనకు ప్రశ్నే పుట్టదు. చిక్కంతా రెండింటిలో ఒకటి మిగిలిన చోటనే వస్తుంది. ఒక రాతప్రతిలో ఊరి పేరూ, తర్వాతి మజిలీకి ఎన్ని మైళ్లో కూడా స్పష్టంగా ఉంటాయి గాని, అది నేలమీద ఎక్కడుందో తెలియదు. మరోచోట గోడలు, స్నానశాలలు, సమాధులు, నాణేలు తవ్వకాల్లో బయటపడతాయి గాని, అక్కడ బతికినవారు తమ ఊరిని ఏమని పిలుచుకున్నారో చెప్పే ఆధారం ఒక్కటీ ఉండదు. మొదటిది రూపం పోయిన నామం, రెండోది నామం పోయిన రూపం. ఆచూకీ దొరకని ప్రదేశాల జాబితాలోకి ఎక్కేది మొదటి రకం. దాని జోడీ అయిన రెండో రకం శిథిలం పక్క లోయలోనే ఉండవచ్చు, మనం రోజూ దానిమీదుగా నడుస్తూ ఉండవచ్చు.

2. ఈ పేర్లన్నీ మనకు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఎక్కువ భాగం కొద్దిపాటి గ్రంథాల నుంచే వచ్చాయి. ఆంటొనైన్ ప్రయాణ పట్టిక అనే సంకలనంలో సామ్రాజ్యమంతటా సుమారు 225 మార్గాలు, వాటి మీది మజిలీలు, వాటి మధ్య దూరాలు ఉన్నాయి. బ్రిటన్‌కు సంబంధించినవి వాటిలో 15. క్రీ.శ. 2వ శతాబ్దం మధ్యలో అలెగ్జాండ్రియాలో పనిచేసిన భూగోళవేత్త టాలమీ సుమారు 8000 స్థలాలను అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు చేశాడు. క్రీ.శ. 700 ప్రాంతంలో రవెన్నా నగరంలో పేరు తెలియని ఒక రచయిత దాదాపు 5000 పేర్లను దూరాలేమీ లేకుండా వరసగా రాసుకుంటూ పోయాడు. క్రీ.శ. 400 నాటి సైనిక, పరిపాలన పదవుల జాబితా ఒకటి కోటల పేర్లను ఇస్తుంది.

వీటన్నింటికంటే చూడముచ్చటైనది వియన్నాలో భద్రపరచిన పాయ్‌టింగర్ పటం. రోమన్ కాలపు మూలాన్ని చూసి సుమారు 1200 ప్రాంతంలో తోలుమీద గీసిన ఈ ప్రతి పొడవు 6.75 మీటర్లు, ఎత్తు కేవలం 34 సెంటీమీటర్లు. భూమినంతా అడ్డంగా సాగదీసి ఒక పట్టీలో ఇరికించినందువల్ల దీనిమీద దిక్కులకు అర్థం ఉండదు, దారికీ దూరానికీ మాత్రమే ఉంటుంది. పడమటి కొసన ఉండవలసిన ముక్క పోయింది. దానితోపాటే స్పెయిన్, బ్రిటన్‌లో అత్యధిక భాగం కూడా పోయాయి.

ఇవిగాక విడివిడిగా దొరికిన మాటలున్నాయి. డేసియా (నేటి రుమేనియా ప్రాంతం) మీద తాను చేసిన యుద్ధాల గురించి ట్రేజన్ చక్రవర్తి స్వయంగా ఒక గ్రంథం రాశాడు. ఈనాడు అందులో మిగిలింది ఒకే ఒక్క వాక్యం: "అక్కడి నుంచి బెర్జోబిమ్‌కు, ఆపైన ఐజీకి సాగాం." అది కూడా చరిత్ర మీద ప్రేమతో మిగల్లేదు. ప్రిస్కియన్ అనే వ్యాకరణవేత్త ఒక వ్యాకరణ విశేషానికి ఉదాహరణగా ఎత్తి రాసుకున్నాడు కాబట్టి మిగిలింది. ఆ రెండు పేర్లూ పాయ్‌టింగర్ పటంలో ఒకే దారిమీద కనిపిస్తాయి కాబట్టి దండు ఏ దారిన కదిలిందో మనం చెప్పగలుగుతున్నాం.

3. దూరాలు అంకెల్లో రాసి ఉన్నప్పుడు కొలుచుకుంటూ వెళ్తే సరిపోదా?

సరిపోయే సందర్భాలు చాలానే ఉన్నాయి, ఈ విద్యకు పునాది కూడా అదే. అయితే మూడు అవాంతరాలు ఉన్నాయి.

మొదటిది కొలమానం. రోమన్ మైలు సుమారు 1.48 కిలోమీటర్లు. కాని గాల్ ప్రాంతంలో, అంటే నేటి ఫ్రాన్సులో, చాలా దారుల మీద లూగా అనే స్థానిక కొలత వాడారు. అది ఒకటిన్నర రోమన్ మైళ్లు, సుమారు 2.22 కిలోమీటర్లు. మనకు ఆమడ, క్రోసు ఒక్కో సీమలో ఒక్కో పొడవు ఉన్నట్టే ఇదీ. పట్టికలో అంకె మాత్రమే ఉండి, అది ఏ కొలతో చెప్పకపోతే వెతికేవాడు ఒకటిన్నర రెట్లు తప్పుచోట నిలబడతాడు.

రెండోది నకలు రాసినవారి చేయి. రోమన్ అంకెలు అక్షరాలు కాబట్టి ఐదు అంకె (V) అడుగున కొంచెం విడిపోతే రెండు నిలువు గీతలవుతుంది (II). పది అంకె (X) కింది సగం చెరిగితే ఐదవుతుంది. వెయ్యేళ్లపాటు ఒకరి ప్రతి చూసి ఒకరు రాసుకుంటూ వచ్చిన గ్రంథంలో ఇటువంటి పొరపాట్లు ఎన్ని చేరి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆంటొనైన్ పట్టికలో ఒక మార్గం మొత్తం ఇన్ని మైళ్లని పైన రాసి, కింద మజిలీల దూరాలు కూడితే ఆ మొత్తం రాని సందర్భాలు అనేకం. మొత్తం తప్పా, మజిలీ దూరం తప్పా, లేక మధ్యలో ఒక వరసే జారిపోయిందా అన్నది ఒక్కో మార్గానికి విడిగా తేల్చుకోవలసిందే.

మూడోది, దూరం ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది. నగర ద్వారం నుంచా, నడిబొడ్డు నుంచా, లేక దారి పక్కన ఊరికి చీలిపోయే కూడలి నుంచా? చిన్న మజిలీల మధ్య దూరం ఏడెనిమిది మైళ్లే అయినప్పుడు ఒక మైలు తేడా కూడా ఒక లోయకూ మరో లోయకూ ఉన్నంత తేడా.

4. టాలమీ అక్షాంశ రేఖాంశాలే ఇచ్చాడు కదా, వాటిని నేటి పటం మీద గుర్తిస్తే?

గుర్తిస్తే చాలా ఊళ్లు సముద్రంలో పడతాయి. అంతకుముందటి గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను 2,52,000 స్టేడియాలని (ఇది గ్రీకు దూరపు కొలత) లెక్కించగా, టాలమీ 1,80,000 స్టేడియాల చిన్న అంకెను తీసుకున్నాడు. భూమిని చిన్నది చేయడంతో, తెలిసిన దూరాలు డిగ్రీల్లోకి మారేసరికి తూర్పు పడమరలుగా విపరీతంగా సాగిపోయాయి. పైగా అతని స్థానాల్లో ఆకాశాన్ని గమనించి నిర్ణయించినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ప్రయాణికులు చెప్పిన రోజుల లెక్కను డిగ్రీలుగా మార్చినవే. టాలమీ పట్టికను వరస కోసం, ఇరుగుపొరుగుల కోసం చదవాలి తప్ప చుక్కల కోసం చదవకూడదని నా అభిప్రాయం. ఏ తెగ పక్కన ఏ తెగ ఉంది, నదీముఖం తర్వాత ఏ రేవు వస్తుంది అనే విషయాల్లో అతను నేటికీ గొప్ప సాక్షి.

5. అసలు లేని ఊళ్లు కూడా జాబితాల్లో ఉన్నాయా?

ఉన్నాయి. టాలమీ జర్మనీ భాగంలో సియాటుటాండా అనే ఊరు కనిపిస్తుంది. దానికోసం ఎంత వెతికినా ఫలితం ఉండకపోవచ్చు. ఫ్రీసియన్లు అనే తెగ తిరుగుబాటును వర్ణిస్తూ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఒకచోట "తమ సొత్తును కాపాడుకోవడానికి" అనే అర్థంలో "అద్ సువా టుటాండా" అనే లాటిన్ పదాలు వాడాడు. "అద్" అంటే "వైపునకు" అని కూడా అర్థం వస్తుంది కాబట్టి, లాటిన్ అంతంతమాత్రంగా వచ్చిన ఒక గ్రీకు పాఠకుడు తర్వాతి మాటలను ఊరి పేరనుకున్నాడని చాలామంది పండితుల అనుమానం. ఒక క్రియాపదం మీద పట్టణం వెలసిందన్నమాట.

ఇది అమాయకపు పొరపాటు. కావాలని చేసిన మోసం మరొకటుంది. కోపెన్‌హాగెన్‌లో ఇంగ్లీషు బోధించే చార్లెస్ బెర్ట్రమ్ అనే యువకుడు 1747లో లండన్‌లోని పురాతత్త్వ పండితుడు విలియం స్టూక్లీకి జాబు రాసి, రోమన్ బ్రిటన్‌ను వర్ణించే మధ్యయుగపు రాతప్రతి ఒకటి తనకు తెలుసని నమ్మించాడు. 1757లో అచ్చయిన ఆ గ్రంథం కొత్త మార్గాలను, కొత్త మజిలీలను, వెస్పాసియానా అనే కొత్త రాష్ట్రాన్ని కూడా అందించింది. అది పూర్తిగా బెర్ట్రమ్ కల్పనేనని రుజువు కావడానికి సుమారు వందేళ్లు పట్టింది. ఈలోగా ఆ పేర్లు పటాల్లోకి, పాఠ్యగ్రంథాల్లోకి ఎక్కిపోయాయి. పాత బ్రిటిష్ పుస్తకంలో ఏదైనా రోమన్ మజిలీ పేరు కనిపించి, బెర్ట్రమ్‌కు ముందున్న ఏ ఆధారంలోనూ అది లేకపోతే దాన్ని అనుమానించాల్సిందే.

6. నేటి ఊరి పేరు పాత పేరుతో కలిస్తే అది సాక్ష్యం కాదా?

సాక్ష్యమే, కాని పేర్లు కదులుతాయి. ప్రాచీన కాపువా నగరం దెబ్బతిన్న తర్వాత 9వ శతాబ్దంలో అక్కడి జనం కొన్ని మైళ్ల దూరాన కాసిలినుమ్ అనే పాత రేవు దగ్గరకు తరలి, తమ పేరునూ వెంట తీసుకుపోయారు. అందువల్ల ఈనాటి కాపువా పాత కాసిలినుమ్. పాత కాపువా ఉన్న చోటేమో సాంతా మరియా కాపువా వేతెరే. పటం చూసి వెళ్లేవాడు సరిగ్గా తప్పుచోటికి చేరతాడు.

ఇంతకంటే ప్రమాదకరమైనవి పండితులో పాలకులో తర్వాత పెట్టిన పేర్లు. సీజర్ క్రీ.పూ. 49లో దాటిన రూబికన్ ఏ వాగు అన్నదానిపై ఇటలీలో శతాబ్దాలపాటు మూడు వాగుల పక్షాన మూడు వర్గాలు వాదించుకున్నాయి. 1933లో ముస్సోలినీ ప్రభుత్వం ఫ్యుమిచినో అనే వాగుకు రూబికోనే అని పేరు మార్చింది. దానితో పటం మీద చర్చ ముగిసినట్టు కనిపిస్తుంది గాని, ప్రభుత్వ ఉత్తరువు చారిత్రక ఆధారం కాదు. ఫ్రాన్సులో మెర్దోన్య్ అనే గ్రామాన్ని 1865లో మూడవ నెపోలియన్, సీజర్ కాలపు గాల్ కోట గెర్గోవియా పేరు మీద, గెర్గోవీగా మార్చాడు. జర్మనీలో టాయ్‌టోబర్గ్ అడవి అనే పేరైతే టాసిటస్ గ్రంథంలోని ఒక్క ప్రస్తావనను చూసి 17వ శతాబ్దంలో ఓస్నింగ్ అనే కొండల వరసకు తగిలించినది. ఆ పేరును నమ్మి 1875లో డెట్మోల్డ్ దగ్గర, ఆ అడవిలో రోమన్ సేనను నాశనం చేసిన జర్మన్ వీరుడు ఆర్మినియస్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆ యుద్ధం జాడలు అక్కడ కాక, చాలా కిలోమీటర్ల వాయవ్యాన బయటపడ్డాయి. ఏ పోలికనైనా నమ్మేముందు ఆ పేరు అక్కడ ఎప్పటి నుంచి ఉందో అడగాలి.

7. ఒక ప్రదేశం ఖాయంగా దొరికిందని ఎప్పుడు చెప్పవచ్చు?

నామాన్నీ రూపాన్నీ కలిపే మూడో సాక్షి, అంటే ఆ నేలలోనే దొరికి ఆ పేరు చెప్పే రాత, కనిపించినప్పుడు. దీనికి అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన ఇటలీ నగరం పాంపేయిని మించిన ఉదాహరణ లేదు. 1590లలో డొమెనికో ఫోంటానా అనే వాస్తుశిల్పి ఆ నగరం కిందుగానే నీటి కాలువ తవ్వించాడు. శాసనాలు కూడా దొరికాయి, అయినా ఎవరికీ స్ఫురించలేదు. 1748లో తవ్వకాలు మొదలుపెట్టినవారు దాన్ని దగ్గర్లోని మరో ఊరైన స్టాబియే అనుకున్నారు. పదిహేనేళ్లు తవ్విన తర్వాత 1763లో సూయెడియుస్ క్లెమెన్స్ అనే అధికారి శాసనం దొరికింది. ఆక్రమణకు గురైన ప్రభుత్వ స్థలాలను వెస్పాసియన్ చక్రవర్తి ఆజ్ఞతో "పాంపేయి ప్రజల పురపాలనకు" తిరిగి ఇప్పించినట్టు అందులో ఉంది. భూకబ్జాల మీద వేసిన ఒక సర్కారీ రాయి లేకపోతే ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన శిథిలాలు మరికొంతకాలం వేరే ఊరి పేరుతో చలామణీ అయ్యేవి.

ఎర్రసముద్రం మీది మయోస్ హోర్మోస్ కథ ఇంకా మెలికలు తిరిగింది. భారతదేశానికి ఓడలు బయలుదేరిన ఈ ఈజిప్టు రేవును చాలాకాలం అబూ షార్ అనే చోట గుర్తించారు. అక్కడ తవ్వితే తేలింది క్రీ.శ. 4వ శతాబ్దం ఆరంభంలో కట్టిన కోట. అగస్టస్ కాలపు రేవు కాదు. ఇంతలో దక్షిణాన ఉన్న కుసైర్ అల్ ఖదీమ్‌ను వేరొక రేవైన ల్యూకోస్ లిమెన్‌గా భావించి 1970లలో తవ్వకాలు ప్రారంభించారు. 1990లలో పురాతత్త్వవేత్త డేవిడ్ పీకాక్ ప్రాచీన వర్ణనలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, కుసైర్ అల్ ఖదీమే మయోస్ హోర్మోస్ అని వాదించాడు. 1999 నుంచి 2003 వరకు అక్కడ జరిగిన తవ్వకాల్లో దొరికిన రాతల్లో మయోస్ హోర్మోస్ పేరే ఉంది. అదే చోట తమిళ బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకులు కూడా దొరికాయి. ఒక్క రేవు స్థానం సరిచేస్తే దానికి ముడిపడిన ఎడారి మార్గాలన్నీ కూడా పటం మీద జరగవలసి వచ్చింది.

కొన్నిసార్లు సాక్షి మరో ఊళ్లో దొరుకుతుంది. 2003లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో రంగుల ఎనామిల్ పనితనం ఉన్న చిన్న కంచు గిన్నె బయటపడింది. ఉత్తర ఇంగ్లండులోని రోమన్ సరిహద్దు గోడ అయిన హేడ్రియన్ గోడ పడమటి కొసనున్న నాలుగు కోటల పేర్లు దాని అంచున వరసగా ఉన్నాయి: మైస్, కొగ్గబాటా, ఉక్సెలోడూనుమ్, కమ్మోగ్లాన్నా. రాతప్రతుల్లో అక్షరాలు మారిపోయి కొంగవాటాగా కనిపించే కోట అసలు పేరును ఈ గిన్నె సరిదిద్దింది.

8. రోమన్లకైనా తమ పాత ఊళ్లు తెలుసా?

అన్నీ తెలియవు. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ లాటియుమ్ ప్రాంతాన్ని, అంటే రోమ్ పెరటిని వర్ణిస్తూ, ఒకప్పుడు పేరున్న ఊళ్లను, తెగలను జాబితాగా రాసి, 53 జనపదాలు ఆనవాలు లేకుండా నశించాయని ముగించాడు. పోలిటోరియుమ్, కామెరియా, అపియోలే వంటి పేర్లు రోమ్ తొలి రాజుల విజయగాథల్లో వినిపిస్తాయి. వాటి స్థానాలపై నేటికీ ప్రతిపాదనలే ఉన్నాయి. ప్లినీ కాలానికే అవి తాతల కథలు.

9. దారి ఎలా పోతుంది? రాతి దారులు అంత సులువుగా చెరిగిపోవు కదా?

రోమ్ నుంచి దక్షిణానికి సాగే, నల్లటి రాతి పలకలు పరచిన అప్పియా దారి ఫొటోలు చూసి రోమన్ దారులన్నీ అలాగే ఉండేవనుకుంటాం. సామ్రాజ్యంలో ఎక్కువ దారులు గులకరాయి, మట్టి, సుద్ద వంటి స్థానిక వస్తువులతో గట్టిపరచినవే. వాటి మీద నాగలి తిరిగింది, నదులు గట్లు మార్చుకున్నాయి, రాయి ఉన్నచోట ఊరివారు ఇళ్లకు పట్టుకుపోయారు. మరికొన్ని పోనే లేదు. వాటిమీదే నేటి రహదారి ఉంది, కాబట్టి తవ్వి చూడలేం.

2025లో ఇటినర్-ఇ అనే పరిశోధక బృందం రోమన్ దారుల పటాన్ని ప్రచురించింది. అందులో మొత్తం పొడవు సుమారు 2,99,000 కిలోమీటర్లు. దానిలో ఖచ్చితంగా ఫలానా గీతమీదే సాగిందని చెప్పగలిగినది 2.7 శాతం మాత్రమే. దాదాపు 90 శాతం విషయంలో దారి ఉందని తెలుసు గాని ఆ చోటు స్థూలంగానే తెలుసు, మిగిలినది ఊహ. బడి పటాల్లో నిబ్బరంగా కనిపించే ఎర్రగీతల వెనక ఉన్న నిజం ఇది.

10. ఒక దారికి సంబంధించిన శాసనం దొరికితే సమస్య తీరినట్టేనా?

దక్షిణ ఇటలీలోని పోల్లా గ్రామంలో ఉన్న రాయిని చూడండి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఇటలీ దక్షిణ కొసనున్న రెగియుమ్ నుంచి కాపువా వరకు దారి వేయించిన అధికారి ఉత్తమ పురుషలో మాట్లాడతాడు: దారి నేను వేశాను, వంతెనలూ మైలురాళ్లూ నేనే నిలిపాను. ఆ రాయి నుంచి ఉత్తరాన నుకేరియాకు 51 మైళ్లు, కాపువాకు 84, దక్షిణాన మురానుమ్‌కు 74, కొసెంటియాకు 123, వాలెంటియాకు 180, సిసిలీకి ఎదురుగా ఉన్న జలసంధి దగ్గరి విగ్రహానికి 231, రెగియుమ్‌కు 237, మొత్తం 321. 84కు 237 కలిపితే సరిగ్గా 321 వస్తుంది. నకళ్లలో దొరకని నిక్కచ్చితనం రాతిలో ఉంది. సిసిలీలో అధికారిగా ఉన్నప్పుడు పారిపోయిన బానిసలు 917 మందిని పట్టి యజమానులకు అప్పగించానని కూడా ఆయన లెక్క చెప్పాడు.

అన్నీ చెప్పాడు గాని ఆయనెవరో మనకు తెలియదు. పేరు ఉండవలసిన తొలి పంక్తి లేదు. పొపిలియుస్ లేనాస్ అని ఒక వాదం, అన్నియుస్ అని మరో వాదం. కలాబ్రియాలో ఇదే దారిమీద దొరికిన 260వ మైలురాయి మీద టైటస్ అన్నియుస్ పేరుంది కాబట్టి రెండో వాదానికి బలం చేకూరింది. ఇక్కడ దారి దొరికింది, దాని పేరు పోయింది. కొన్ని పుస్తకాలు దాన్ని వియా పొపిలియా అంటే, మరికొన్ని వియా అన్నియా అంటాయి.

వియా క్లౌడియా ఆగుస్టా విషయంలో చిక్కు తలకిందులు. క్లౌడియస్ చక్రవర్తి క్రీ.శ. 46-47లో వేయించిన రెండు రాళ్లు దొరికాయి. తన తండ్రి డ్రూసుస్ ఆల్ప్స్ పర్వతాల్లో తెరిచిన దారిని తాను కట్టించానని రెండూ చెబుతాయి. కాని ఒకటి "పో నది నుంచి డాన్యూబ్ వరకు" అంటుంది, రెండోది వెనిస్ సమీపాన ఉన్న "ఆల్టినుమ్ నుంచి డాన్యూబ్ వరకు 350 మైళ్లు" అంటుంది. ఇవి ఒకే దారికి రెండు శాఖలా కావా, ఆల్టినుమ్ శాఖ ఏ లోయల గుండా ఆల్ప్స్‌లోకి ఎక్కింది అన్న వాదం నడుస్తూనే ఉంది. శాసనం కొన్నిసార్లు ప్రశ్నను తీర్చదు, పదును పెడుతుంది.

11. అంత పెద్ద యుద్ధాలు జరిగిన చోట్లు ఎందుకు తెలియవు?

యుద్ధం ఒక రోజు జరుగుతుంది; ఊరు వందల ఏళ్లు ఉంటుంది. రోమన్ చరిత్రకారులు యుద్ధభూమిని వర్ణించేది మనకు దారి చూపడానికి కాదు, కొండ, అడవి, వాగు పెట్టి దృశ్యం రక్తి కట్టించడానికి. క్రీ.శ. 83లో స్కాట్లాండ్‌లో రోమన్ సేనాని అగ్రికోలా గెలిచిన మోన్స్ గ్రౌపియుస్ యుద్ధాన్ని అతని అల్లుడు టాసిటస్ వివరంగా రాశాడు; శత్రు నాయకుడి నోట గొప్ప ఉపన్యాసం పెట్టాడు; దూరం ఒక్కటీ చెప్పలేదు. 1975లో లోగీ డర్నో దగ్గర ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో చాలా పెద్ద రోమన్ శిబిరం గుర్తించాక పక్కనున్న బెన్నహీ కొండకు మొగ్గు పెరిగింది, అయినా తీర్పు రాలేదు. 15వ శతాబ్దపు అచ్చుప్రతిలో "గ్రౌపియుస్" కాస్తా "గ్రాంపియుస్" అయింది. ఆ అచ్చుతప్పే గ్రాంపియన్ పర్వతాల పేరుగా స్కాట్లాండ్ పటం మీద స్థిరపడింది.

రోమన్ సేనాని వారుస్ మూడు లెజియన్ల (పెద్ద సైనిక దళాల) సేన క్రీ.శ. 9లో ఆర్మినియస్ చేతిలో నాశనమైన చోటికి ప్రతిపాదనలు వందల్లో వచ్చాయి. 1885లోనే చరిత్రకారుడు మామ్‌సెన్ నాణేల ఆధారంగా కాల్క్రీజె పరిసరాలను సూచించాడు గాని ఎక్కువమంది ఒప్పుకోలేదు. 1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి లోహశోధకంతో అక్కడే వెండి నాణేలు కనుగొన్నాడు. క్రీ.శ. 9 తర్వాతి నాణెం లేకపోవడం, కొన్నింటిపై వారుస్ ముద్ర ఉండడం బలమైన సాక్ష్యాలు. ఆ అవశేషాలు కొన్నేళ్ల తర్వాత మరో రోమన్ సేనాని జెర్మానికుస్ చేసిన యుద్ధానివని వాదించేవారు ఇంకా ఉన్నారు. సీజర్ గాల్ సేనలను ముట్టడించి గెలిచిన అలేసియా మాత్రం తేలింది: 1839లో దొరికిన "అలీసియాలో" అనే గాలిష్ శాసనం, 1861-65లో మూడవ నెపోలియన్ తవ్వకాలు, 1991-97లో ఫ్రెంచి జర్మన్ బృందం చేసిన పునఃపరిశీలన కలిసి అలీజ్ సాంత్ రెన్ కొండను ఖాయం చేశాయి.

12. తూర్పు సరిహద్దు దాటాక పరిస్థితి ఏమిటి?

అక్కడ రోమన్ మైలురాళ్లు ఉండవు, ప్రయాణికుల మాటే ఆధారం. అర్మేనియా రాజు టిగ్రానీస్ కట్టించి, క్రీ.పూ. 69లో రోమన్ సేనాని లుకుల్లుస్ పట్టుకున్న టిగ్రానోకెర్టా రాజధానికి నేటి టర్కీలో సిల్వాన్, అర్జాన్ వంటి చోట్ల మధ్య పోటీ ఉంది. అరేబియా తీరపు ల్యూకే కోమే రేవుకు ఐనూనా, అల్ వజ్ వంటివి ప్రతిపాదనల్లో ఉన్నాయి. ఆఫ్రికా తూర్పు తీరాన చివరి సంతగా పెరిప్లస్ అనే ప్రాచీన గ్రీకు ఓడ వర్తకుల గ్రంథం చెప్పిన రాప్టా టాంజానియా తీరంలో ఎక్కడో ఉండాలి, నిర్ధారణ లేదు.

13. కేరళ తీరపు ప్రాచీన రేవు ముజిరిస్, "పట్టణం" అనే గ్రామంలో దొరికిందని వార్తల్లో చదివాం. నిజమేనా?

కేరళలోని పట్టణం అనే గ్రామంలో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో మధ్యధరా ప్రాంతపు ద్రాక్షసారా జాడీల ముక్కలు, పూసలు, రేవు కట్టడం, చెక్క పడవ బయటపడ్డాయి. రోమన్ వ్యాపారంతో దగ్గరి సంబంధమున్న స్థలమన్నదానిలో సందేహం లేదు. అది ముజిరిసేనా అన్నది వేరే ప్రశ్న. ఆ రేవు సముద్రం నుంచి నదిమీద 20 స్టేడియాల దూరంలో ఉందని పెరిప్లస్ చెబుతుంది. పాయ్‌టింగర్ పటం ముజిరిస్ పక్కన అగస్టస్ దేవాలయాన్ని చూపుతుంది. యవనులు బంగారంతో వచ్చి మిరియాలతో వెళ్లారని సంగం తమిళ కవిత పాడింది. కాని పెరియార్ నది ప్రవాహం, తీరరేఖ శతాబ్దాలుగా మారుతూ వచ్చాయి. 1341 నాటి వరదను ఇందులో పెద్ద మలుపుగా చెబుతారు. పేరు చెప్పే శాసనం లేనందువల్ల కొందరు చరిత్రకారులు ఈ గుర్తింపును ఒప్పుకోలేదు. "చాలా బలమైన అభ్యర్థి" అనడం వరకు న్యాయం. ముజిరిస్ పక్కన వినిపించే టిండిస్, నెల్కిండా రేవుల పరిస్థితి ఇంకా అనిశ్చితం.

14. తెలుగు తీరానికి ఈ జాబితాలో చోటుందా?

ఉంది, ఘనంగానే ఉంది. పెరిప్లస్ తూర్పు తీరంలో మసాలియా అనే దేశాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాసింది. టాలమీ దాన్ని మైసోలియా అన్నాడు. మైసోలోస్ నదీముఖం, కొంటకొస్సిలా అనే వ్యాపార రేవు, కొడ్డూరా, అల్లోసిగ్నే అనే మరో రేవు, ఆ తర్వాత బంగారు భూమికి ఓడలు తీరాన్ని వదిలి బయలుదేరే స్థలం వరసగా చెప్పాడు. వీటిలో కొంటకొస్సిలాకు మంచి సాక్షి దొరికింది: నాగార్జునకొండ శాసనంలోనూ ఘంటసాల శాసనంలోనూ కంటకసోల అనే పేరు ఉంది. అందువల్ల కృష్ణా జిల్లాలోని ఘంటసాలతో ఈ గుర్తింపు కేవలం ధ్వని పోలిక మీద నిలబడినది కాదు. మైసోలోస్ కృష్ణానది అన్నది ఎక్కువమంది మాట. గోదావరి అన్నవారూ ఉన్నారు.

మిగిలినవి అంత సుఖంగా లేవు. మైసోలుల రాజధానిగా టాలమీ చెప్పిన పిటిండ్రాను కొందరు ధాన్యకటకమన్నారు. ఆ రెండు పేర్లను కలిపే రాత లేదు. అల్లోసిగ్నే ఏ రేవో, ఓడలు తీరం వదిలిన చోటు ఏ ముఖద్వారం దగ్గరో తేలలేదు. డెల్టా తీరం ఈ రెండువేల ఏళ్లలో సముద్రంలోకి ముందుకు సాగిందని గుర్తుపెట్టుకుంటే వెతకవలసినది నేటి ఒడ్డున కాదని తెలుస్తుంది. టాలమీ చెప్పిన కొరౌంకలా మన ఓరుగల్లేనన్న మాట చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. కాని ఓరుగల్లు పేరు శాసనాలకెక్కినది టాలమీకి అనేక శతాబ్దాల తర్వాత; మధ్య కాలాన్ని పూరించే ఆధారం లేనప్పుడు ఇది పై ప్రశ్నల్లో చెప్పిన ధ్వని పోలిక కోవలోకే వస్తుంది. సొంత ఊరి విషయమని కొలబద్ద మార్చకూడదు.

15. ఉపగ్రహాలు, లైడార్ వచ్చాయి కదా, ఇక అన్నీ దొరుకుతాయా?

అవి రూపాన్ని చూపుతాయి. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి చెట్ల కింది నేల ఎత్తుపల్లాలను కొలిచే లైడార్ వల్ల పొలాల్లో, అడవుల్లో కలిసిపోయిన దారికట్టలు, శిబిరాల కందకాలు కనిపిస్తున్నాయి. నామం మాత్రం ఆకాశం నుంచి కనిపించదు. పేరులేని రూపాల జాబితా వేగంగా పెరుగుతుంటే, రూపంలేని పేర్ల జాబితా నెమ్మదిగానే తగ్గుతోంది.

కొన్ని పేర్లు ఏ పరికరానికీ లొంగవు. ఐర్లాండ్‌కు క్రైస్తవాన్ని తీసుకువెళ్లిన సెయింట్ పాట్రిక్ తన తండ్రి "బన్నవెమ్ టబుర్నియే" అనే ఊరివాడని, దానికి దగ్గర్లోనే తనను దొంగలు ఎత్తుకుపోయారని స్వయంగా రాశాడు. రాతప్రతుల్లో పదాల విరుపు చెడిందని చాలామంది నమ్ముతారు. బన్నవెంటా అని విడదీస్తే ఆ పేరున్న మజిలీ ఒకటి ఇంగ్లండు నడిమధ్య ఉంది; ఐరిష్ సముద్రపు దొంగలు అంత లోపలికి రావడం అసంభవంగా తోస్తుంది. పడమటి తీరంలో వెతికితే పేరు కుదరదు.

16. సొంతంగా ప్రయత్నించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలియని ఊరితో కాదు, తెలిసిన దారితో. క్రీ.శ. 333లో బోర్డో నుంచి జెరూసలేముకు వెళ్లిన ఒక యాత్రికుడి ప్రయాణ పట్టిక ఇందుకు అనువైనది. గుర్రాలు మార్చుకునే చోటు, రాత్రి బస చేసే మజిలీ, నగరం అని అతను ప్రతిదాన్నీ వేరుగా గుర్తించాడు. ప్లీయడీస్ అనే ఉచిత అంతర్జాల స్థలసూచికలో ఒక్కో పేరు తెరిచి, ఆ గుర్తింపు ఖాయమా, అంచనానా అని అక్కడ రాసినది ముందు చదవండి. ఆ తర్వాత ఖాయమైన రెండు నగరాల మధ్య దూరాలు కూడి, నేటి దూరంతో సరిచూడండి. బోర్డో నుంచి తులూజ్ వరకు అంకెలు లూగాల్లో ఉంటాయి, ఆ తర్వాత మైళ్లలోకి మారతాయి. మొదటి రోజు లెక్క కుదరకపోతే ముందుగా చూడవలసింది అదే.